‘ఆగింది’కీ ‘ఆగిందండి’కీ మధ్య

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. కళ్ళ ముందు అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేను. పకోడీల పొట్లం విప్పితే పకోడీల కంటే ముందు పొట్లం కాగితం చదువుతాను. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్ళే రోజుల్లో పక్కనున్నవాళ్ళ ఫోన్లోకి తొంగిచూసి ఒకావిడ చేత చీవాట్లు కూడా తిన్నాను. “నీ ముక్కు దూరని చోటు లేదు కదా” అని మావారు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. సర్వీసు మొత్తం మీద ఈ జబ్బు ఒక్కసారి మాత్రం ఒక మనిషికి అక్కరకొచ్చింది. కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగాలు చేసుకునే మీలాంటి పిల్లలకి ఆ సంగతి చెప్పాలనిపించింది. పనికొస్తే సంతోషం, లేకపోతే నవ్వుకుని వదిలేయండి.

మాది మంచినీళ్ళ పథకం. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. చేపల చెరువులకి ఆ నీళ్ళు ఏ మాత్రం సరిపోతాయో నాకు తెలియదు గానీ మనుషులు తాగడానికి పనికిరావు. అందుకని గణపవరం వైపు కాలువ నుంచి నీళ్ళు తోడి, శుద్ధి చేసి, ఆకివీడు మీదుగా కొల్లేటికోట దాకా పైపులో పంపేవాళ్ళం. దారిలో కొన్ని పంపుహౌసులు ఉండేవి. ముందున్న పంపుహౌసు తోసిన నీటిని తర్వాతది అందుకుని ఇంకొంచెం ముందుకు తోస్తుంది. ఒక్కో పంపుహౌసుకీ కాంట్రాక్టు మీద తీసుకున్న ఆపరేటర్లుండేవారు.

మోటారు ఆగితే దానంతట అదే చెప్పే యంత్రాలు పెడతామని పైవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. అవి వచ్చేలోపు అని ఒక చిన్న కంప్యూటరు, కీబోర్డు ఇచ్చారు. ఆపరేటరు అందులో ఒక ముక్క కొడితే అది తేదీ, టైము, పంపుహౌసు పేరు తగిలించుకుని ఏలూరులో మా ఆఫీసు కంప్యూటర్లోకి ఒక లైనుగా వచ్చి పడుతుంది. అలా వచ్చిన లైన్లన్నీ ఒకదాని కింద ఒకటి పేరుకునే ఫైలునే లాగ్ అంటారు. కీబోర్డు మీద తెలుగు లేదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టమన్నారు. నడుస్తుంటే nadustondi, ఆగితే aagindi. ట్రైనింగులో చెప్పింది ఇంతే. ఆ లైన్లని కూర్చుని చదవడం ఎవరి పని అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు ఆఫీసుకి బదిలీ మీద వచ్చిన ఎండాకాలంలోనే పైపు చివరనున్న ఊళ్ళ నుంచి గొడవ మొదలైంది. రోజు మార్చి రోజు కుళాయి రావడం లేదని, వచ్చినా రెండు బిందెలు నిండేలోపే ఆగిపోతోందని ఆడవాళ్ళు మండలాఫీసు ముందు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. మా ఈఈ గారికి, అంటే మా ఆఫీసు పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆయన మంచివారే, కానీ ఫోను మోగితే మంచితనం ఎగిరిపోయేది. “ఏ పంపు ఎన్నిసార్లు ఆగిందో నాకు జాబితా కావాలి. ఎవడు నిద్రపోతున్నాడో తేలిపోవాలి” అన్నారు.

ఆ పని మా సెక్షన్లో ఒక ఇంజినీరు మీద పడింది. అనంతపురం వైపు వాడు, చురుకైనవాడు, పనిలో పడితే టీ చల్లారిపోయినా చూసుకోడు. లాగ్ ఫైలు చూస్తే కొండంత ఉంది. దాన్ని చదువుతూ కూర్చుంటే ఎండాకాలం కాస్తా వానాకాలం అయిపోతుంది.

“చదవనక్కర్లేదు మేడమ్. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తే అదే ఏరుకొస్తాది” అన్నాడు.

“అదేంటి బాబూ?” అని కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. నాకు సంబంధం లేని పని కనబడితే కుర్చీ లాక్కోవడం నాకు బాగా అలవాటు.

ఓపిగ్గానే చెప్పాడు. వెతకాల్సిన మాటని ఉన్నదున్నట్టు ఇవ్వకుండా, అది ఎలా ఉండొచ్చో ఒక నమూనా ఇస్తామట. ఒకడు a ఒకటే కొడతాడు, ఇంకొకడు రెండు కొడతాడు. ఒకడు d తర్వాత h పెడతాడు, ఒకడు పెట్టడు. a పక్కన కూడిక గుర్తు పెడితే ఒకటైనా సరే, నాలుగైనా సరే. h పక్కన ప్రశ్నార్థకం పెడితే అది ఉన్నా సరే, లేకపోయినా సరే. నాకు చేపలవాళ్ళ వల గుర్తొచ్చింది. కన్ను ఎంత పెడితే అంత చేప పడుతుంది. చివర ఒక డాలరు గుర్తు కూడా పెట్టాడు.

“ఇందులో డబ్బు ప్రసక్తి ఎక్కడొచ్చింది?” అన్నాను.

“డబ్బు కాదు మేడమ్. లైను అక్కడితో అయిపోవల్ల అని. ఒకాయన ‘ఆగింది అనుకున్నాను, కాదు, నడుస్తోంది’ అని కొట్టినాడు. అట్లాంటివి పడకుండా.”

తెలివైన పనే. నేను కూడా శభాష్ అన్నాను. స్క్రీను మీద కనబడిన నమూనా ఇది: a+gindh?i$

అలా తీసిన జాబితా ఈఈ గారి బల్ల మీదకి వెళ్ళింది. దాన్ని చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆగిన లైన్లన్నీ, ఎక్కడో ఒకటీ అరా తప్ప, ఒక్క పంపుహౌసు నుంచే వచ్చాయి. కొల్లేటికోట వైపు, వరసలో అన్నిటికంటే చివరిది. పగలంతా అక్కడ ఒకడే ఆపరేటరు. మిగతా పంపులన్నీ గడియారాల్లా చక్కగా నడిచినట్టే లెక్క. ఊళ్ళకి నీళ్ళు రాకపోవడానికి కారణం దొరికింది, మనిషి కూడా దొరికాడు. అతన్ని తీసేయమని కాంట్రాక్టరుకి ఉత్తరం టైపు చేయించారు. సోమవారం సంతకం.

అందరికీ అంత సులువుగా దొరికిన కారణం నాకు గొంతు దిగలేదు. దయ వల్ల కాదు, ఆ మనిషి మొహం కూడా నేను అప్పటికి చూడలేదు. గూడెంలో ఉన్నన్నాళ్ళూ పంపుల మధ్యే బతికాను. ఎండాకాలం మొత్తం ఒక్కసారి కూడా ఆగని మోటారుని నా సర్వీసులో నేను చూడలేదు. అలాంటి మోటార్లు అన్ని ఉన్నాయంటే వెళ్ళి దండం పెట్టుకుని రావాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక లాగ్ ఫైలు తెరిచాను. తెరుచుకోడానికే చాలాసేపు పట్టింది. వల లేదు, నమూనా లేదు, పొట్లం కాగితం చదివినట్టు మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. నాలుగు లైన్లు చదివానో లేదో పకపకా నవ్వేశాను. పక్క సీటాయన ఉలిక్కిపడి చూశాడు.

aagindandi.

ఇంకొంచెం కిందకి వెళ్తే aagindi andi. ఇంకోచోట agindhandi. గణపవరం ఆయన, ఆకివీడు ఆయన, మధ్యలోని వాళ్ళందరూ మోటారు ఆగిన ప్రతిసారీ వెంటనే చెప్పారు. ఎవరికి చెబుతున్నారు? ఏలూరు ఆఫీసుకి. ఆఫీసువాళ్ళకి ‘ఆగింది’ అని మొహం మీద కొట్టినట్టు చెప్పడానికి మా గోదావరి వాళ్ళకి చెయ్యి వస్తుందా? ట్రైనింగులో చెప్పిన మాటకి వాళ్ళే ఒక అండీ చేర్చుకున్నారు. మేము కుక్కని అదిలించేటప్పుడు తప్ప అండీ లేకుండా మాట్లాడం.

అప్పుడే బళ్ళో నేర్చుకున్న వ్యాకరణం గుర్తొచ్చింది. మా మిషన్ స్కూల్లో తెలుగు టీచరు ఇత్వ సంధి దగ్గర నన్ను బెంచీ ఎక్కించారు కాబట్టి దాన్ని మర్చిపోయే అవకాశం లేదు. ఆగింది పక్కన అండి వస్తే మధ్యలో ఉన్న ఇకారం ఎగిరిపోతుంది. ఆగిందండి. ఆ ఇకారం మీదే మావాడి నమూనా నిలబడి ఉంది. ఇకారం పోగానే మాట వల కన్నులోంచి జారిపోయింది. ఇకారం పోనివాళ్ళని, అంటే విడగొట్టి కొట్టినవాళ్ళని, చివరనున్న డాలరు గుర్తు వదిలేసింది. మర్యాదగా రాసినవాళ్ళంతా జాబితాలో లేకుండా పోయారు. అండీ అనని ఒక్క మనిషీ పట్టుబడ్డాడు.

ఇంజినీరుని పిలిచి చూపించాను. అతను స్క్రీను వంక, నా వంక మార్చి మార్చి చూశాడు.

“మా పక్క ‘నిలిచిపాయ’ అంటే నిలిచిపాయ, అంతే మేడమ్. దీనికి తోక ఉంటాదని నాకేం తెలుసు?” అన్నాడు. అంతలోనే మొహం వాడిపోయింది. “ఆయప్ప ఉద్యోగం పోతాండె కదా, నా వల్ల.”

“ఇంకా పోలేదుగా. వల మార్చు” అన్నాను.

ఆ సంధి ఒకోసారి జరుగుతుంది, ఒకోసారి జరగదు, దాన్నే వైకల్పికం అంటారని చెప్పాను. అతను కాసేపు ఆలోచించి, “అంటే ప్రశ్నార్థకం మేడమ్” అన్నాడు. వైకల్పికం అంటే ఏమిటో మా టీచరు బెంచీ ఎక్కించి కూడా చెప్పలేకపోయిన విషయం, ఈ అనంతపురం అబ్బాయి ఒక్క గుర్తుతో చెప్పేశాడు. ఉన్నా సరే, లేకపోయినా సరే. మధ్యలో ‘ఇది గానీ, అది గానీ’ అనడానికి ఒక నిలువు గీత కూడా గీస్తే కొత్త నమూనా ఇలా వచ్చింది: a+gindh?(i|i? ?a+ndi+)$

నొక్కాడు. జాబితా స్క్రీను మీద జలజలా పారింది. అన్ని పంపుహౌసులూ ఉన్నాయి. అందులో అసలు సంగతి కూడా ఉంది. ఏ రోజు చూసినా మొదట గణపవరం వైపు పంపు ఆగింది, కాసేపటికి దాని తర్వాతది, ఆపైన ఆకివీడు, అన్నిటికంటే చివర కొల్లేటికోట వైపుది. పైనుంచి నీళ్ళు రాకపోతే మోటారు కాలిపోకుండా ఆపరేటరు ఆపి తీరాలి. ఆ చివరి మనిషి చేసింది అదే. నీళ్ళు మొదట్లోనే ఆగుతున్నాయి.

సోమవారం ఈఈ గారు ఉత్తరం మీద కలం పెట్టబోతుంటే ఇద్దరం లోపలికి వెళ్ళాం. జాబితా నేనే బల్ల మీద పరిచాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“ఇన్నిసార్లు ఆగాయా? మరి మనకి ఎవరూ చెప్పలేదేం?”

“అందరూ చెప్పారు సార్. అండీ పెట్టి మరీ చెప్పారు” అన్నాను.

విషయం అర్థమయ్యేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “అయితే మర్యాదే మన కొంప ముంచిందన్నమాట” అన్నారు. ఉత్తరాన్ని సొరుగులో పడేసి, కాలువ దగ్గరికి మనుషుల్ని పంపించారు. నీళ్ళు తోడే చోట ఇనప జాలీకి గుర్రపుడెక్క అడుగు మందాన పట్టేసి ఉంది. పైనుంచి కొట్టుకొచ్చిందంతా అక్కడే చిక్కుకుని కుళ్ళిపోతోంది. దాన్ని లాగి గట్టు మీద వేస్తే చిన్న గడ్డివామంత అయిందట. ఆ సాయంత్రానికల్లా నీళ్ళు పైపులో నిండుగా వెళ్ళాయి.

ఇక్కడితో అయిపోతే అది మా ఆఫీసు ఎందుకవుతుంది? ఈఈ గారు ఒక సర్క్యులర్ తీశారు. లాగ్‌లో ‘అండీ’ అన్న పదం వాడరాదు, ఆదేశించిన మాట మాత్రమే టైపు చేయవలెను అని. మర్నాడు ఆకివీడు నుంచి జవాబు లాగ్‌లోనే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాలంటే: “అలాగేనండి. ఇక అండీ రాయమండి.” ఇంజినీరు కడుపు పట్టుకుని నవ్వాడు. సర్క్యులర్ ఫైల్లోకి వెళ్ళింది, అండీ ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇంత జరిగినా నాకు ఒక్కటి అంతుపట్టలేదు. అంతమంది అండీల మధ్య ఆ ఒక్క మనిషి అండీ లేకుండా ఎలా రాస్తున్నాడు? వేరే ప్రాంతం వాడా? పొగరా? ఎవరినో అడిగితే అక్కడి వాడే, కొల్లేట్లో పుట్టి పెరిగినవాడే అన్నారు. ఇక నాకు నిద్ర పట్టలేదు. పైపులో ఒత్తిడి చూసి రావాలని ఒక పని పుట్టించుకుని జీపెక్కాను. ఇంజినీరు కూడా వస్తానన్నాడు.

ఆకివీడు దాటాక చేపల లారీల వెనకాల నీళ్ళు కారుతుంటే ఆ తడి దారిలోనే వెళ్ళాం. పంపుహౌసు చెరువుగట్టు మీద ఒక్కటే నిలబడి ఉంది. లోపల మోటారు నడుస్తోంది. మా జీపు చూడగానే ఆయన బయటికొచ్చాడు. నడివయసు దాటిన మనిషి, గళ్ళ లుంగీ మీద చొక్కా అప్పుడే తొడుక్కున్నట్టున్నాడు. నమస్కారం పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళి, తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టబోయాడు.

“అన్నీ సరిగ్గానే ఉన్నాయండి. గ్రీజు నిన్ననే పెట్టానండి. కొత్తాయనకి చెప్పండి, మోటారు ఎక్కించేముందు కాసేపు నీళ్ళు చూసుకోమని.”

అప్పుడు తెలిసింది. తీసేస్తారన్న కబురు ఉత్తరం కంటే ముందే కాంట్రాక్టరు మనుషుల నోట ఆయనకి చేరిపోయింది. ఉత్తరం ఆపారు గానీ, ఆపిన సంగతి ఆయనకి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇన్ని రోజులూ ఆయన తాళాలు సిద్ధంగా పెట్టుకుని, రోజూ మోటారు నడుపుతూ, మా జీపు కోసం చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఏవండీ, తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. మిమ్మల్ని ఎవరూ తీసెయ్యడం లేదండీ. తప్పు మీది కాదని తేలింది” అన్నాను.

ఆయన తాళాల గుత్తి వంక చూసుకుని, “అలాగాండి” అన్నాడు. మెల్లగా లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు. “మా ఆవిడ రేపట్నుంచి చెరువు పనికి రెండు పూటలూ వెళ్తానందండి. వద్దని చెప్తానండి.”

ఇంజినీరు ఆయన చేతులు పట్టుకుని ఏదో చెప్పాడు. వల గురించి, కన్ను గురించి అనుకుంటాను. ఆయనకేం అర్థమయిందో గానీ “పర్వాలేదండి, పర్వాలేదండి” అంటూ ఉన్నాడు. మాటకో అండీ, ఒక్కోసారి మాటకి రెండు. నేనింక ఉండబట్టలేకపోయాను.

“మీరు ఇంత మర్యాదగా మాట్లాడతారు కదండీ. మరి లాగ్‌లో ఒక్క అండీ కూడా కొట్టరేంటి?”

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు.

“మొదట్లో కొట్టేవాణ్ణండి. నీళ్ళు సన్నంగా వస్తన్నాయండి, పైన చూడండి అని చాలా రాశానండి. ఎవరూ పలకలేదండి. పలకనోళ్ళని అండీ అండీ అంటా ఎన్నాళ్ళని పిలుస్తామండి? అవతల కంప్యూటరే తప్ప మనుషులు లేరనుకుని మానేశానండి.”

ఆఫీసుకి రాగానే ఇంజినీరుని కూర్చోబెట్టుకుని, జీవితంలో మొదటిసారి నా అంతట నేనే ఒక నమూనా రాశాను. ఆ పంపుహౌసు పేరు, లైను చివర andi. ఆ సీటుకి నేను రాకముందటి ఫైళ్ళన్నిట్లోనూ వెతికించాను.

దొరికాయి. నీళ్ళు సన్నంగా వస్తున్నాయండి. ఎవరినైనా పంపండి. ఊళ్ళోవాళ్ళు బిందెలు తీసుకొచ్చి గేటు దగ్గర కూర్చున్నారండి, వాళ్ళకి ఏం చెప్పమంటారండి. వానాకాలం అంతా, చలికాలం అంతా రాశాడు. రానురాను లైన్లు పొట్టివవుతూ వచ్చాయి. అన్నిటికంటే చివరిది ఇది: evaraina chaduvutunnara andi. ఎవరైనా చదువుతున్నారా అండి. దాని తర్వాత అండీ అన్నది లేదు. aagindi, nadustondi, aagindi, అంతే.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇంజినీరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ కంప్యూటర్లో జవాబు కొట్టే చోటు లేదు. అటునుంచి ఇటు రావడమే తప్ప ఇటునుంచి అటు వెళ్ళే దారి ఎవరూ పెట్టలేదు. ఆయన ఫోను నెంబరు వెతికి పట్టుకుని చేశాను.

“చెప్పండి మేడమ్ గారండి, ఏమైందండి?” అన్నాడు కంగారుగా.

“ఏం కాలేదండీ. మీరు అప్పుడెప్పుడో ఒకటి అడిగారు కదా, ఎవరైనా చదువుతున్నారా అని. చదువుతున్నానండీ.”

అవతల మోటారు చప్పుడు కాస్త దూరమైంది, ఆయన ఫోనుతో బయటికి వచ్చినట్టున్నాడు.

“అయితే కూర్చోండి మేడమ్ గారు. చాలా ఉన్నాయండి.”